విరేచనాలు ఆగితే చాలా? ఆదోని, ఎమ్మిగనూరు ఇళ్లలో ఎవరూ రాయని ఒక టెస్టు

ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఒక ఇల్లు అనుకుందాం. నాలుగేళ్ల పిల్లాడికి మూడు వారాలుగా విరేచనాలు. రోజుకు నాలుగైదు సార్లు. రక్తం లేదు, పెద్దగా జ్వరమూ లేదు. కానీ వాసన భరించలేం. మలం జిడ్డుగా ఉంటుంది, నీళ్ల మీద తేలుతుంది. పొట్ట ఉబ్బరం, తిన్నది ఒంటికి పట్టడం లేదు. మొదటి రోజు నానీ పెరుగులో ఇస్బగోల్ కలిపి పెట్టింది. మూడో రోజు అబ్బా మెడికల్ షాపుకు పోయి "పిల్లోడికి జులాబ్ అవుతున్నాయి భాయ్, ఏదైనా ఇవ్వు" అన్నాడు. ఒక సిరప్ ఇచ్చారు. రెండు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. తర్వాత వీధిలోని ఆర్‌ఎంపీ దగ్గరకు, ఆయన ఇంకో సిరప్. ఆ తర్వాత నర్సింగ్ హోమ్, అక్కడ ఒక గ్లూకోజ్ బాటిల్. అమ్మీ మెడలోని తావీజు మార్చింది, పాలు మాన్పించింది, ఎండ దెబ్బ అనుకుంది, దిష్టి అనుకుంది.

ఈ మూడు వారాల్లో డబ్బు ఎంత పోయిందో ఇంట్లో అందరికీ తెలుసు. కానీ మల పరీక్ష చేయించమని మాత్రం ఒక్కరూ రాయలేదు.

ఇది ఊహించి రాసిన ఇల్లే. కానీ చదివేవాళ్లలో చాలామందికి "ఇది మా ఇంటి సంగతే" అనిపిస్తుందని నాకు తెలుసు. మన వైపు విరేచనాలు అంటే మందుతో ఆపేసే జబ్బు, కారణం వెతికే జబ్బు కాదు. కడుపులో ఏముందో చూడకుండానే మందు పడుతుంది. అందులోనూ రెండు మందులు కలిపిన మాత్రలే ఎక్కువ. ఒకటి బ్యాక్టీరియాకు, ఇంకోటి అమీబాకు. రెండింటిలో ఏదో ఒకటి తగలకపోతుందా అన్న లెక్క. తగిలితే సరే. తగలకపోతే? పురుగు అర్ధంగా చచ్చి, అర్ధంగా బతికి, టెస్టులో కనపడకుండా దాక్కుంటుంది.

ముందు ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. విరేచనాలన్నీ పరాన్నజీవుల వల్ల రావు. హఠాత్తుగా మొదలై మూడు నాలుగు రోజుల్లో తగ్గే నీళ్ల విరేచనాల్లో ఎక్కువ భాగం వైరస్‌లది, బ్యాక్టీరియాది. వాటికి చాలాసార్లు ఏ టెస్టూ అక్కర్లేదు. ఓఆర్‌ఎస్, జింకు, తిండి, జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండటం చాలు. ఆసియా, ఆఫ్రికాల్లో ఏడు చోట్ల జరిగిన పెద్ద అధ్యయనం ఒకటి 2013లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మన కోల్‌కతా, పాకిస్తాన్‌లోని కరాచీ కూడా అందులో ఉన్నాయి. చిన్నపిల్లల్లో ఓ మోస్తరు నుంచి తీవ్రంగా వచ్చే విరేచనాలకు ముఖ్య కారణాలుగా అది నాలుగింటిని తేల్చింది: రోటావైరస్, షిగెల్లా, ఒక రకం ఇ. కోలి, క్రిప్టోస్పోరిడియం. మొదటి మూడూ డాక్టర్లకు పాత శత్రువులే. నాలుగోది పరాన్నజీవి. మన మామూలు ల్యాబులో రోజూ చేసే పరీక్షలో అది కనపడదు. ఎందుకు కనపడదో కాసేపట్లో చెబుతాను.

రోటావైరస్‌కు టీకా వచ్చేసింది. 2016లో ప్రభుత్వ టీకాల పట్టికలో దాన్ని ముందుగా చేర్చిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంగన్‌వాడీకి, ఆసుపత్రికి పోయి చుక్కలు వేయించుకున్న పిల్లలకు ఆ గొడవ చాలావరకు తగ్గింది. పరాన్నజీవులకు అలాంటి టీకా లేదు. వాటిని చూసి పట్టుకోవాల్సిందే.

రక్తం పడితే అమీబానేనా?

మన దగ్గర మలంలో రక్తం, జిగట కనపడగానే "పేచిష్" అంటాం, తెలుగులో జిగట విరేచనాలు అంటాం, షాపులో "అమీబియాసిస్" అంటారు. మూడింటికీ ఒకటే మాత్ర. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతోంది. పిల్లల్లో రక్త విరేచనాలకు మొదటి అనుమానితుడు అమీబా కాదు, షిగెల్లా అనే బ్యాక్టీరియా. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ ఇదే: పిల్లల్లో రక్త విరేచనాలకు ముందు షిగెల్లాకు మందు ఇవ్వండి. మైక్రోస్కోపులో ఎర్ర రక్తకణాలను మింగిన అమీబా కనపడితేనో, షిగెల్లాకు ఇచ్చిన సరైన మందులు రెండూ పనిచేయకపోతేనో అమీబా వైపు చూడండి. అమీబా మాత్ర షిగెల్లాను ఏమీ చేయదు. పిల్లాడికి కావాల్సిన మందు పడక రెండు రోజులు పోతాయి. చిన్నపిల్లల్లో రెండు రోజులు చాలా ఎక్కువ.

పెద్దవాళ్ల విషయంలో ఇంకో చిక్కు. ల్యాబ్ రిపోర్టులో "ఎంటమీబా సిస్టులు కనపడ్డాయి" అని వస్తుంది. భయపడి మందు మింగుతాం. కానీ జబ్బు తెచ్చే అమీబాకు అచ్చం అలాగే ఉండే చుట్టం ఒకటుంది, దాని పేరు డిస్పార్. అది ఏ హానీ చేయదు. మామూలు మైక్రోస్కోపులో ఈ రెండింటి సిస్టులనూ ఎంత పెద్ద డాక్టరైనా వేరు చేయలేడు. తేడా తెలియాలంటే యాంటిజెన్ పరీక్షో, పీసీఆర్ పరీక్షో కావాలి. మరోవైపు, నిజంగా జబ్బు తెచ్చేదే అయితే ఒక్క మందుతో పని ముగియదు. పేగు గోడలో ఉన్నదాన్ని చంపేది ఒకటి, పేగులో మిగిలిన సిస్టులను కడిగేసేది ఇంకోటి. రెండోది చాలామందికి రాయరు, రాసినా వాడరు. నెలలు గడిచాక కాలేయంలో చీముగడ్డతో ఆసుపత్రికి చేరేవాళ్లలో కొందరికి అసలు విరేచనాలు అయిన గుర్తే ఉండదు.

రిపోర్టు చదివేటప్పుడు ఒక చిన్న తమాషా కూడా ఉంది. "ఇ. కోలి" అని రాసి ఉంటే అది రెండు వేర్వేరు జీవుల పేరు కావచ్చు. ఒకటి ఎష్చెరీషియా కోలి, బ్యాక్టీరియా. ఇంకోటి ఎంటమీబా కోలి, హాని చేయని అమీబా. మల పరీక్షలో మైక్రోస్కోపు కింద కనపడిందని రాస్తే అది ఈ రెండోదే. దానికి మందు అక్కర్లేదు. అయితే అది కడుపులో ఉందంటే ఎక్కడో మలం కలిసిన నీరో తిండో నోట్లోకి పోయిందని అర్థం. ఆ సంగతి మాత్రం పట్టించుకోవాల్సిందే.

కనపడేది, కనపడనిది

పైన చెప్పిన పిల్లాడి లక్షణాలు మళ్లీ చూడండి: జిడ్డు మలం, గ్యాసు, బరువు తగ్గడం, రక్తం లేకపోవడం, వారాల తరబడి సాగడం. ఇవి జియార్డియాకు అద్దం పట్టే లక్షణాలు. 1681లో లీవెన్‌హుక్ అనే డచ్చి బట్టల వ్యాపారి తనకు విరేచనాలైనప్పుడు తన మలాన్నే తాను చేసుకున్న భూతద్దంలో చూసి, కదిలే చిన్న జీవులను వర్ణించాడు. అది జియార్డియానే అని శాస్త్రవేత్తలు అంటారు. మూడున్నర శతాబ్దాల కింద ఒక బట్టల వ్యాపారి చూసినదాన్ని, బట్టలకు పేరున్న ఎమ్మిగనూరులో ఈ రోజు చూడలేకపోవడానికి కారణం యంత్రం లేకపోవడం కాదు.

మామూలు పరీక్ష చాలా తేలిక. గాజు పలక మీద ఒక చుక్క సెలైన్, ఒక చుక్క అయోడిన్, వాటిలో కొద్దిగా మలం కలిపి చూస్తారు. సెలైన్‌లో కదిలే జీవులు, అయోడిన్‌లో సిస్టులు, పురుగుల గుడ్లు కనపడతాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలోనే ఈ పరీక్ష ఉండాలని కేంద్రం పెట్టిన ఆసుపత్రుల ప్రమాణాలు చెబుతాయి. ఖర్చు తక్కువ. కావాల్సింది ఓపిక, అలవాటు పడిన కన్ను.

అయినా జియార్డియా దొంగ. ఒక రోజు మలంలో పడుతుంది, ఇంకో రోజు పడదు. ఒక్క శాంపిల్ చూస్తే సుమారు సగం నుంచి 70 శాతం కేసులే దొరుకుతాయి. రోజు మార్చి రోజు మూడు శాంపిళ్లు చూస్తే 90 శాతం దాకా దొరుకుతాయి. అందుకే "ఓవా, సిస్ట్: నిల్" అని ఒక్క రిపోర్టు రాగానే ఏమీ లేదని అనుకోకూడదు. ఇంకో రెండు సార్లు ఇవ్వాలి. యాంటిజెన్ కిట్టు ఉన్న ల్యాబులో అయితే ఇంకా తేలిక.

క్రిప్టోస్పోరిడియం సంగతి వేరు. దాని సిస్టు నాలుగు నుంచి ఆరు మైక్రాన్లు ఉంటుంది, ఎర్ర రక్తకణం కంటే చిన్నది. అయోడిన్ రంగు పట్టదు. క్షయ క్రిములకు వేసే రంగునే కొద్దిగా మార్చి వేస్తే గులాబీ రంగులో మెరుస్తుంది. అంటే కళ్లె పరీక్ష చేసే ప్రతి ల్యాబులోనూ దాదాపు అదే సామాను ఉంటుంది. కానీ డాక్టరు చీటీ మీద రాస్తేనే టెక్నీషియన్ వేస్తాడు. రాయకపోతే రిపోర్టు "నార్మల్" అని వస్తుంది. బలహీనంగా ఉన్న పిల్లలకు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు, కిడ్నీ మార్పిడి చేయించుకుని మందులు వాడేవాళ్లకు ఇది ప్రాణం మీదికి తెస్తుంది. లేగదూడల నుంచి, మేకపిల్లల నుంచి కూడా మనుషులకు వస్తుంది. ఇంటి వరండాలోనే మేకలు, పక్కనే పాకే పిల్లలు ఉండే ఇళ్లు మన మొహల్లాల్లో ఎన్నో చెప్పక్కర్లేదు. మేకను ముట్టుకుని ఆ చేత్తోనే రొట్టె తినే పిల్లాడికి సబ్బు పెట్టి కడగాలి, అంతే.

ఇక నులిపురుగులు. ఫిబ్రవరిలో, ఆగస్టులో బడిలో, అంగన్‌వాడీలో ఆల్బెండజోల్ మాత్ర వేస్తారు. 2015 నుంచి నడుస్తున్న మంచి కార్యక్రమం. తప్పకుండా వేయించండి. కానీ చాలామంది తల్లులు "మొన్ననే పురుగుల మాత్ర వేశారు, మళ్లీ టెస్టు ఎందుకు" అంటారు. ఆ ఒక్క మాత్ర ఏలికపాములకు, కొంకిపురుగులకు. జియార్డియా, అమీబా, క్రిప్టో ఆ ఒక్క మాత్రకు పోవు. కొంకిపురుగులు విరేచనాల కంటే రక్తహీనతే ఎక్కువ తెస్తాయి. ముఖం పాలిపోయి, మెట్లెక్కితే ఆయాసపడే ఆడపిల్లకు ఐరన్ మాత్రలు ఎన్ని ఇచ్చినా రక్తం పెరగకపోతే, ఆ బిడ్డకూ మల పరీక్ష కావాలి. సిగ్గుపడి శాంపిల్ ఇవ్వనిది ఎక్కువగా వాళ్లే. అమ్మీలు, ఆపాలు ఈ మాట ఇంట్లో కొంచెం సులువుగా మాట్లాడగలిగితే బాగుంటుంది.

శాంపిల్ ఎలా ఇవ్వాలి

ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ సగం రిపోర్టులు చెడేది ఇక్కడే. డబ్బా పొడిగా, శుభ్రంగా, మూత గట్టిగా ఉండాలి. అగ్గిపెట్టెలో, కాగితంలో తేవద్దు. మూత్రం, నీళ్లు, మట్టి కలవకూడదు. దొడ్లో కింద నుంచి తీసింది పనికిరాదు, అందులో మట్టిలోని పురుగులు కూడా కనపడతాయి. జిగట, రక్తం ఉన్న చోటు నుంచే తీయాలి. నీళ్లలా అయితే అరగంటలో ల్యాబుకు చేరాలి, ఎందుకంటే కదిలే అమీబా అంతకంటే ఎక్కువసేపు బతకదు. గట్టి మలం అయితే కొన్ని గంటలు ఆగినా ఫర్వాలేదు. పల్లె నుంచి బస్సులో తెచ్చేవాళ్లకు ఇది కష్టమే. వాళ్లు ఆసుపత్రికి వచ్చాక అక్కడే ఇవ్వడం మేలు, లేదా ల్యాబును అడిగి ఫార్మలిన్ వేసిన డబ్బా తీసుకుపోవాలి.

అన్నిటికంటే ముఖ్యం: యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే ఇవ్వాలి. మందు పడ్డాక రెండు వారాల దాకా పరాన్నజీవులు కనపడకుండా పోవచ్చు. ఆముదం తాగించి తెచ్చిన శాంపిల్ కూడా పాడే. షాపు సిరప్, ఆర్‌ఎంపీ ఇంజెక్షన్, అవన్నీ అయ్యాక ల్యాబుకు పోయే మన పద్ధతిలో పరీక్ష ఓడిపోకుండా ఎలా ఉంటుంది?

అందరికీ పరీక్ష అక్కర్లేదని ముందే అన్నాను. ఎవరికి కావాలంటే, రెండు వారాలు దాటినవాళ్లకు, మలంలో రక్తం ఉన్నవాళ్లకు, బరువు తగ్గుతున్న పిల్లలకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు, ఒకే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు పడుతుంటే ఆ ఇంటికి.

పైపు పగిలినప్పుడు మాత్రమే వార్త

2021 ఏప్రిల్‌లో ఆదోని అరుణజ్యోతి నగర్‌లో, అటు పాణ్యం మండలం గోరకల్లులో ఒకేసారి అతిసారం ప్రబలింది. ముఖ్యమంత్రి స్థాయిలో ఆరా తీశారు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో తాగునీటి పైపులో మురుగు కలిసి పదిమందికి పైగా పోయారు. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లోనూ అదే కథ. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అయితే ఎంతమంది చనిపోయారన్న లెక్క మీదే ప్రభుత్వం, ప్రతిపక్షం కొట్లాడుకున్నాయి. ఆనందపేట, భోలక్‌పూర్ ఎలాంటి మొహల్లాలో మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. ఇరుకు సందులు, డ్రైనేజీని ఆనుకుని నీళ్ల పైపు, దరఖాస్తు ఇచ్చి ఇచ్చి అలసిపోయిన జనం.

అలాంటి రోజుల్లో క్యాంపు పెడతారు, క్లోరిన్ చల్లుతారు, మంత్రులు వస్తారు. కానీ ఏడాది పొడుగునా ఇంటికొకరు చొప్పున మూడు వారాలు, నాలుగు వారాలు సాగే విరేచనాలు వార్త కావు, లెక్క కావు. ప్రభుత్వం దగ్గర జబ్బుల నిఘా వ్యవస్థ ఉంది, 2004లో మొదలై ఇప్పుడు ఆన్‌లైన్‌లో నడుస్తోంది. అందులో ల్యాబులో తేలిన కేసులకు వేరే ఫారం ఉంది. ల్యాబుకే పోని జబ్బు ఆ ఫారంలోకి ఎలా ఎక్కుతుంది? లెక్కలో లేని జబ్బుకు బడ్జెట్ ఎవరిస్తారు?

నీళ్ల సంగతికి వస్తే, ఈ ప్రాంతమంతా తుంగభద్ర దిగువ కాలువ మీద బతుకుతోంది. ఆదోనికి బసాపురం నిల్వ చెరువే దిక్కు. కాలువ ఆగితే నీళ్లు ఎన్నో రోజులకు ఒకసారి వస్తాయి. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఎంత గుబులు పడ్డామో గుర్తుంది కదా. నీళ్లు రాని రోజుల్లో పైపు ఖాళీగా ఉంటుంది, పగుళ్ల గుండా మురుగు లోపలికి జారుతుంది. నీళ్లు వచ్చిన రోజున ఇంటింటికీ మోటారు పెట్టి లాగుతాం, ఆ లాగుడుకు పక్కనున్న మురుగు కూడా వస్తుంది. అందుకే మొదట వచ్చే నీళ్లు పట్టుకోవద్దని పెద్దవాళ్లు చెప్పేది.

క్లోరిన్ వేశారు కదా అని ధైర్యపడలేం. కలరా, టైఫాయిడ్ క్రిములను క్లోరిన్ చంపుతుంది. జియార్డియాకు ఎక్కువ మోతాదు, ఎక్కువ సమయం కావాలి. క్రిప్టోస్పోరిడియం అయితే తాగునీటిలో వేసే క్లోరిన్‌కు లొంగదు. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో, క్లోరిన్ వేసి పంపిన నీళ్ల వల్లే సుమారు 4 లక్షల మంది దానితో పడ్డారు. మనకున్న గట్టి ఆయుధం పాతదే: తళతళా మరిగేలా ఒక నిమిషం కాచి చల్లార్చిన నీళ్లు. గ్యాసు ధరకు అది కూడా భారమే, తెలుసు. కనీసం చిన్నపిల్లలకు, బాలింతలకు, జబ్బుపడ్డవాళ్లకు కాచిన నీళ్లు వేరుగా పెట్టండి.

ఓఆర్‌ఎస్ గురించి రెండు ముక్కలు. పేరు చూసి టెట్రా ప్యాక్ కొనొద్దు. ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని అమ్మే చక్కెర పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. లీటరు నీటికి ఒక ప్యాకెట్ పొడి కలిపేదే అసలైనది, ప్రభుత్వ ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు. దాంతో పాటు పిల్లలకు 14 రోజులు జింకు. కళ్లు గుంటలు పడి, మూత్రం ఆగి, పిల్లాడు మత్తుగా పడి ఉంటే టెస్టు గురించి ఆలోచించొద్దు, నేరుగా ఆసుపత్రికి పరుగెత్తండి.

ఇప్పుడు అసలు ప్రశ్న

ఆదోని నుంచి కర్నూలు సర్వజన ఆసుపత్రి సుమారు 100 కిలోమీటర్లు. యాంటిజెన్ పరీక్ష, కల్చర్, మైక్రోబయాలజీ డాక్టరు ఇవన్నీ ఒకేచోట కావాలంటే ఈ పడమటి మండలాలకు ప్రభుత్వం వైపు నుంచి ఉన్న పెద్ద దిక్కు అదే. ఆదోనికి మెడికల్ కాలేజీ వస్తుందని 2021లో శంకుస్థాపన చేశారు. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం పది కాలేజీలను ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టించాలని నిర్ణయించింది, మొదటి విడతలో ఆదోని ఉంది. ఇది మంచిదా చెడ్డదా అని పార్టీలు కొట్లాడుకుంటున్నాయి. ఫీజులు, సీట్ల గురించే అంతా మాట్లాడుతున్నారు. మెడికల్ కాలేజీ అంటే సీట్లు మాత్రమే కాదు, మైక్రోబయాలజీ విభాగం తప్పనిసరిగా ఉండే ఆసుపత్రి కూడా. నా మటుకు నాకు, ఎవరు కట్టినా, ఆ ల్యాబులో తెల్ల కార్డు ఇంటి పిల్లాడి మల పరీక్ష ఉచితంగా జరుగుతుందా లేదా అన్నది ఒప్పందంలో రాసి ఉందా అనేదే అడగాల్సిన ప్రశ్న. మన కౌన్సిలర్లు, అంజుమన్ పెద్దలు ఆ మాట అడిగినట్టు నాకు వినపడలేదు.

కాలేజీ వచ్చేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. ఏరియా ఆసుపత్రి ల్యాబులో క్రిప్టో రంగు పరీక్ష మొదలుపెట్టడానికి కొత్త భవనం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు, ఒక టెక్నీషియన్‌కు కొన్ని రోజుల శిక్షణ చాలు. ఆసుపత్రి అభివృద్ధి కమిటీ సమావేశంలో ఎవరైనా లేచి అడగొచ్చు.

వలస కుటుంబాల సంగతి మాత్రం ఇంకా కష్టం. పడమటి మండలాల నుంచి మిరప కోతకు గుంటూరు వైపు, పనులకు బెంగళూరు వైపు పిల్లలతో సహా పోతారు. అక్కడ డేరాల్లో మరుగుదొడ్డి లేదు, ట్యాంకరు నీళ్లే గతి. విరేచనాలతో తిరిగొస్తారు, వారం ఉండి మళ్లీ పోతారు. మూడు శాంపిళ్లు ఇవ్వడానికి వాళ్లకు అయిదారు రోజులు కావాలి. పండక్కి ఇంటికి వచ్చిన రోజే మొదటిది ఇస్తే, తిరిగి బస్సెక్కేలోపు మూడోది అందుతుంది.